పేము కుర్సీ: అల్లిన చేతులు, నిలబడ్డ కాళ్ళు

ఇనుప గొట్టాన్ని వంచి, కూచునే చోట పేముతో జాలీ అల్లిన పాతకాలపు కుర్చీలకు ఇవ్వాళ పెద్ద పట్నాల్లో గిరాకీ ఉంది. ఒకప్పుడు కచేరీల్లో, వకీళ్ళ వరండాల్లో ఉండి, అల్లిక తెగినాక మూలకు పడేసిన సామాను ఇది. ఇప్పుడు దీనికి 'గత శతాబ్దం నడిమి కాలపు ఆధునిక శైలి' అని పేరుపెట్టి అమ్ముతున్నారు. కొనేటోళ్ళు దాని వంపు చూస్తారు, గీసిన డిజైనరు పేరు అడుగుతారు. ఆ కుర్చీలో ఎవరు కూచున్నారు, దాని ముందు ఎవరు చేతులు కట్టుకొని నిలబడ్డారు, తెగిన జాలీని ఎవరు మళ్ళీ అల్లారు అని అడిగేవాళ్ళు లేరు. మేము అడగదలచుకున్నది అదే.

భూమి, కూలి, దాడులు, రిజర్వేషన్లు ఇన్ని సమస్యలుండగా కుర్చీ గురించి వ్యాసమేమిటని మిత్రులు అనుకోవచ్చు. కులం పెద్ద పెద్ద సంఘటనల్లోనే బతకదు. చెప్పులో, గ్లాసులో, మంచంలో, కుర్చీలో రోజూ బతుకుతుంది. రోజూ నడిచే ఆ చిన్న కట్టుబాటును ఎవడన్నా దాటినప్పుడే పెద్ద సంఘటన జరుగుతుంది.

ఉదాహరణకు నిజామాబాద్ జిల్లా ఆర్మూరును తీసుకుందాం. ఇది పసుపు వ్యాపారపు ఊరు. చుట్టూ ఆర్మూరు, బాల్కొండ ప్రాంతపు పల్లెల్లో చలికాలం చివర నుంచి ఎండలు ముదిరేదాకా పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబోయడం, పాలిష్ పట్టడం నడుస్తాయి. సరుకు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతుంది, కొంత మహారాష్ట్రలోని సాంగ్లీకి పోతుంది. ఇట్లాంటి వ్యాపారంలో ఎవరు దేని మీద కూచుంటారో చూస్తే చాలు, సమాజం మెట్లు కనబడతాయి. అడ్తిదారు కుర్చీలో ఉంటాడు. గుమాస్తా బల్ల దగ్గర, రైతు బెంచీ మీద, హమాలీ బస్తా మీద. కొమ్ములు ఏరే ఆడకూలి నేల మీద కూచుంటుంది. కింది మెట్ల మీద ఉండేది ఎక్కువగా దళితులు, వెనుకబడిన కులాల వాళ్ళు. ఈ వరస ఎవరూ కాగితం మీద రాసింది కాదు. అయినా ఎవరి చోటు ఎక్కడో అందరికీ తెలుసు.

ఆసనం మీద శాసనం

కాగితం మీద రాసింది కాదన్నాం గానీ, ఒకప్పుడు తాటాకు మీద రాసిందే. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం 281వ శ్లోకం సరిగ్గా ఈ విషయం గురించే. తక్కువ పుట్టుక పుట్టినవాడు ఎక్కువ పుట్టుకవాడితో సమంగా ఒకే ఆసనం మీద కూచోబోతే నడుము మీద వాతపెట్టి దేశం వెళ్ళగొట్టాలి, లేదంటే పిర్ర కోయించాలి. ఇది దాని సారాంశం. దొంగతనానికి కాదు, హత్యకు కాదు, కూచున్నందుకు ఈ శిక్ష. ఏ అవయవంతో కూచుంటాడో ఆ అవయవానికే శిక్ష వేశారు. ఆ ఆలోచన వెనకున్న క్రూరత్వాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అంబేడ్కర్ 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించాడు. ఆయనకు ఈ శాసనం పుస్తకంలో చదివి తెలిసిన సంగతి కాదు. సతారా బడిలో చదివేటప్పుడు తోటి పిల్లల మధ్య కూచోనివ్వలేదు. ఒక మూలన గోనెపట్టా వేసుకొని విడిగా కూచోవాలి. ఆ పట్టాను బడి ఊడ్చే నౌకరు కూడా ముట్టడు. సాయంత్రం ఇంటికి తీసుకుపోయి పొద్దున మళ్ళీ తెచ్చుకోవాలి. తర్వాత విదేశాల్లో చదువుకొని వచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరితే, ఆఫీసులో కుర్చీ దొరికింది గానీ ఆ ఊళ్ళో తలదాచుకోను గది దొరకలేదు. చదువుతో, ఉద్యోగంతో కుర్చీ వస్తుంది. కుర్చీ వచ్చినంత మాత్రాన కులం లేచిపోదని ఆయన బతుకే చెప్పింది.

గోనెపట్టా అనే మాటను ఆర్మూరు మనిషి వింటే పసుపు బస్తా గుర్తుకొస్తుంది. బస్తా నింపేవాడు, కుట్టేవాడు, వీపు మీద మోసేవాడు, కాసేపు సందు దొరికితే దాని మీదనే కూలబడేవాడు ఒక్కడే. అంబేడ్కర్ చిన్ననాటి ఆసనం ఇవ్వాళ్టికీ మన హమాలీల ఆసనం.

కచేరితో వచ్చిన కుర్సీ

పీట, గద్దె, మంచం అనే మాటలు తెలుగులో ముందు నుంచీ ఉన్నాయి. 'కుర్చీ' మాత్రం అరబ్బీ 'కుర్సీ' నుంచి వచ్చింది. మన తెలంగాణ నోట్లో అది ఇప్పటికీ కుర్సీయే. పరాయి భాష నుంచి రావడం తప్పేమీ కాదు. ఏ దారిన వచ్చిందన్నదే ముఖ్యం. పల్లెకు అది కచేరితోపాటు వచ్చింది. నిజాం రాజ్యంలో ఆర్మూరు ఒక తాలూకా కేంద్రం. తహశీల్దారు, గిర్దావరు, అమీను, వాళ్ళ కింద ఊళ్ళో పటేలు, పట్వారీ, వీళ్ళందరి అధికారానికి గుర్తు కుర్చీ, బల్ల. కూచున్నవాడు రాస్తాడు, నిలబడ్డవాడు చెప్పుకుంటాడు. రాసేటోడు ఏం రాసిండో నిలబడ్డోనికి తెలియదు. భూములు చేతులు మారిన కథలో సగం ఈ రెండు భంగిమల మధ్యనే నడిచింది.

గడి ముందు పద్ధతి ఇంకా కఠినం. దొర ఎదురైతే చెప్పులు విప్పాలి. దొర పోతుంటే ఇంటి ముందు మంచం మీద కూచున్నవాడు లేచి నిలబడాలి. 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్త' అనే మాట కుర్చీలో కూచొని అనగలిగేది కాదు. వంగిన నడుము నుంచే ఆ మాట వస్తుంది. అధికారులు ఊళ్ళో మకాం వేస్తే సామాను మోయడం మాలమాదిగల వెట్టి. ఆ సామానులో కుర్చీ ఉంటే నెత్తిన పెట్టుకొని మోయొచ్చు, దాని మీద కూచోవద్దు. తల తగిలితే రాని మైల పిర్ర తగిలితే ఎట్లా వస్తుంది? ఇది మైల గురించిన భయం కాదు, సమానమైతారేమోనన్న భయం.

ఆర్మూరుకు తూర్పున ఉన్న జగిత్యాలలో 1978 సెప్టెంబర్ 7న రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ ఉద్యమాన్ని భూమి, కూలి, వెట్టి లెక్కల్లోనే చెప్పడం అలవాటైంది. అవి ప్రధానమే. దొర ముందు నిలబడే భంగిమ మారడం కూడా ఆ పోరాట ఫలితమేనని ఆ లెక్కలో చేర్చాలి. పటేల్ పట్వారీ వ్యవస్థను 1984లో రద్దుచేశారు, 1985లో మండలాలు వచ్చాయి. కుర్చీలో మనిషి మారే వీలు చట్టం ప్రకారం కలిగింది.

జాలీ అల్లేది ఎట్లా, ఎవరు?

ఇక కుర్చీ తయారీ సంగతి చూద్దాం. పేము తాటి కుటుంబానికి చెందిన తీగమొక్క. అడవిలో పెద్ద చెట్లను పట్టుకొని పైకి పాకుతుంది. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లో, అండమాన్‌లో, పడమటి కనుమల్లో ఎక్కువ. వెదురు లోపల గుల్ల, పేము లోపల గట్టి. అందుకే పేము విరగకుండా వంగుతుంది. పైచర్మాన్ని సన్నటి బద్దీలుగా చీల్చి కుర్చీ అల్లకానికి వాడతారు.

చట్రం చుట్టూ వరసగా రంధ్రాలుంటాయి. బద్దీని నీళ్ళలో నానబెట్టి మెత్తబడినాక అల్లాలి. నిలువుగా రెండు వరసలు, అడ్డంగా రెండు వరసలు, ఆ తర్వాత రెండు వైపుల నుంచి ఐమూలగా ఒక్కో వరస. ఐమూల బద్దీలు నిలువు, అడ్డం బద్దీలను పట్టుకొని పోతేనే తేనెపట్టు లాంటి కన్నులు తేలతాయి. ఆరినాక పేము బిగుసుకొని మనిషి బరువును మోస్తుంది. చేయి తిరిగిన మనిషికి కూడా ఒక్క కుర్చీకి రోజంతా పడుతుంది. బద్దీ అంచు కత్తిలా ఉంటుంది, వేళ్ళు కోసుకుపోతాయి. గాలి ఆడుతుంది కాబట్టి మన ఎండలకు పరుపు కంటే ఇదే సుఖం. ఆ సుఖం కూచునేవాడిది.

మన పల్లెల్లో వెదురు పని మేదరులది. పసుపు తోడే గంపలు, తట్టలు, చాటలు, తడకలు వాళ్ళు అల్లినవే. పన్నెండో శతాబ్దపు శరణుల్లో మేదర కేతయ్య ఉన్నాడంటే ఈ వృత్తికి ఎంత చరిత్ర ఉందో ఊహించవచ్చు. మేదరులు దళితులు కారు, ప్రభుత్వ జాబితాలో బీసీ-ఏ కింద ఉన్నారు. ఈ తేడాను చెరిపేసి మాట్లాడడం సరికాదు. అయితే చేత్తో చేసే పనిని తక్కువగా చూసే బ్రాహ్మణీయ లెక్క ఇద్దరినీ దెబ్బతీసింది. పట్నాల్లో పేము కుర్చీల పని నేర్చిన మేదరులున్నారు. ఇంకొక వర్గం అంధులు. చూపు లేనివాళ్ళు వేలికొసలతో రంధ్రాలు లెక్కపెట్టుకొని అల్లగలరని అంధుల పాఠశాలల్లో ఈ పని నేర్పించారు. రైల్వేల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో కుర్చీ అల్లే ఉద్యోగాలను వాళ్ళకు తగినవిగా గుర్తించారు. సర్కారు కుర్చీకి తెగిన జాలీ అల్లినవాళ్ళలో ఆ కుర్చీని కళ్ళతో చూడనివాళ్ళు కూడా ఉన్నారన్నమాట.

బడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అక్కడ పేము రెండు రూపాల్లో ఉండేది. పంతులు కింద కుర్చీగా, పంతులు చేతిలో బెత్తంగా. దళిత పిల్లల్లో చాలామందికి మొదట పరిచయమైంది బెత్తమే.

పేరు ఎవరికి, ధర ఎవరికి?

ఇనుముకు, పేముకు పెళ్ళి చేసిన ఘనత యూరప్ డిజైనర్లకు దక్కింది. బౌహౌస్ బడిలో పనిచేసిన మార్సెల్ బ్రాయర్ 1925లో సైకిల్ హ్యాండిల్‌ను చూసి, ఉక్కు గొట్టాన్ని వంచి కుర్చీ చేయవచ్చని కనిపెట్టాడు. 1928లో ఉక్కు గొట్టం మీద పేము జాలీ చట్రాలు బిగించి, వెనక కాళ్ళు లేకుండా చేసిన కుర్చీ తర్వాత 'సెస్కా' పేరుతో లోకమంతా పాకింది. థోనెట్ కంపెనీ దాన్ని తయారుచేసింది. సామాన్యులకు అందాలన్న ఆశయంతో మొదలైన ఈ శైలి చివరికి ఉన్నవాళ్ళ గదుల్లో కూచుంది. అక్కడ ఈ కుర్చీ పుడుతున్నప్పటికి ఇక్కడ మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టి ఏడాది కూడా కాలేదు. ఒకచోట ఎట్లా కూచుంటే బాగుంటుందన్నది ప్రశ్న, ఇంకొకచోట కూచోవచ్చా వద్దా అన్నదే ప్రశ్న.

మన దేశంలో దీనికి దగ్గరి కథ చండీగఢ్‌ది. 1951 నుంచి ఆ రాజధాని నిర్మాణంలో లె కార్బూజియేతో పాటు పనిచేసి 1965 దాకా అక్కడే ఉన్న పియర్ జానరే, ఆఫీసుల కోసం కుర్చీలు గీయించాడు. వీటిలో ఎక్కువ ఇనుముతో కాదు, టేకు, పేములతో చేసినవి. స్థానిక వడ్రంగులు, అల్లకపువాళ్ళు వేల సంఖ్యలో చేశారు. తర్వాత అవి పాతబడితే ఆఫీసుల డాబాల మీద గుట్టలుగా పోసి తుక్కు కింద వేలం వేశారు. వ్యాపారులు కొని, బాగుచేయించి, పై దేశాల వేలాల్లో లక్షల రూపాయలకు అమ్మారు. అప్పుడు మేలుకొని కేంద్ర హోంశాఖ 2011లో ఆ సామాను అమ్మకూడదని ఆదేశించింది. వేలం పుస్తకాల్లో జానరే పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఏ ఆఫీసు కుర్చీయో చెప్పే పెయింటు అక్షరాలు కూడా ధరను పెంచుతాయి. అల్లినవాడి పేరు ఎక్కడా ఉండదు. చేతిపని తెలిసిన కులాలకు చరిత్రలో పేరు లేకుండా పోయిన పద్ధతే మార్కెట్లోనూ నడుస్తున్నది. వస్తువుకు ఖరీదు కట్టేటప్పుడు శ్రమను తీసేసి సంతకాన్ని లెక్కపెడతారు.

కుర్చీ చౌకైంది, మరి కులం?

మన ఊళ్ళలో పేము కుర్చీ ఎక్కువకాలం నిలవలేదు. పేము ప్రియమైంది, అల్లేవాళ్ళు తగ్గారు. అదే ఇనుప చట్రానికి రంగురంగుల ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీలు వచ్చాయి. కట్నం సామానులో వైరు కుర్చీ ఉండడం ఒకప్పుడు గొప్ప. ఆ తర్వాత అచ్చుపోసిన ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. అల్లిక లేదు, వెల్డింగ్ లేదు. మాలవాడకు, మాదిగవాడకు, గుడికి, బ్యాంకుకు అదే కుర్చీ. పెళ్ళికి వందలు కిరాయికి తెస్తారు. వస్తువు చౌకైతే సమానత్వం దానంతటదే వస్తుందనేవాళ్ళున్నారు. అది నిజమా?

1991లో గుంటూరు జిల్లా చుండూరులో గొడవ సినిమా హాలు సీటు దగ్గర మొదలైంది. టికెట్ కొని కూచున్న దళిత యువకుడి కాలు ముందు సీటు అగ్రకులస్థుడికి తగిలిందన్నది సాకు. సాంఘిక బహిష్కరణ వచ్చింది. ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. 2019లో ఉత్తరాఖండ్ టెహ్రీ గఢ్వాల్ జిల్లాలో పెళ్ళిలో అగ్రకులాల ముందు కుర్చీలో కూచొని తిన్నాడని 23 ఏళ్ళ దళిత యువకుణ్ణి కొట్టారు. కొద్దిరోజులకు చనిపోయాడు. 2020లో తమిళనాడు కడలూరు జిల్లాలో ఒక దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలు నేల మీద, మిగతా సభ్యులు కుర్చీల్లో కూచున్న ఫోటో బయటికొచ్చింది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి ఆమెకు పదవి ఇచ్చింది. కుర్చీ వేయించలేకపోయింది. చుండూరులో సీటుకు డబ్బు కట్టి ఉంది, కడలూరులో ప్రజల ఓటు ఉంది. రెండూ చాలలేదు.

ఆర్మూరు ప్రాంతంలో ఈ ప్రశ్న గ్రామాభివృద్ధి కమిటీల దగ్గర వస్తుంది. వీడీసీలని పిలిచే ఇవి చట్టం పెట్టిన సంస్థలు కావు. ఎన్నికైన పంచాయతీ పక్కన ఉంటూ జరిమానాలు వేస్తాయి, వేలాలు పాడతాయి, తీర్పులు చెబుతాయి. నిజామాబాద్ జిల్లాలో దళితుల మీద, వృత్తికులాల మీద వీడీసీలు పెట్టిన సాంఘిక బహిష్కరణల వార్తలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. దుకాణంలో సరుకు ఇవ్వొద్దు, కూలికి పిలవొద్దు, మాట్లాడితే జరిమానా. రిజర్వేషన్ మీద గెలిచిన దళిత సర్పంచికి పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఉన్నా, ఊరి నిర్ణయం ఇంకొక చోట జరిగితే ఆ కుర్చీ విలువ ఎంత?

చట్టం ఏమంటుంది?

కార్యకర్తలు ఇక్కడ కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఈ సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను, దాని బెదిరింపును కూడా నేరంగా చేర్చింది. చెప్పులు వేసుకోవడాన్ని, సైకిలెక్కడాన్ని అడ్డుకోవడం నేరమని విడిగా పేర్కొంది. కుర్చీ అనే మాట ప్రత్యేకంగా లేదు. అయితే జనానికి తెరచిన చోట అందరి వాడకం కోసం ఉంచిన వస్తువులను వాడనివ్వకపోవడం నేరమని ఉంది. నలుగురి ముందు కావాలని అవమానించడం కూడా నేరమే. హోటల్లో, ఆఫీసులో, ఫంక్షన్ హాల్లో కుర్చీ మీంచి లేపితే ఈ అంశాలను ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. 'తిట్టారు' అని మాత్రమే రాసి వదిలేస్తే కేసు బలహీనపడుతుంది. ఏ చోట, ఎవరి ముందు, ఏ వస్తువు, ఏ మాట, ఈ నాలుగూ ఉండాలి.

పసుపు బోర్డులో చోటు

చివరగా మళ్ళీ పసుపు దగ్గరికి వద్దాం. పసుపు బోర్డు కోసం ఈ ప్రాంత రైతులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీలో నిలబడితే అందులో 170 మందికి పైగా రైతులే. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ఇది రైతుల విజయం, కాదనం. కానీ 2023 అక్టోబర్‌లో కేంద్రం ప్రకటించిన బోర్డు కూర్పులో మంత్రిత్వశాఖల, రాష్ట్రాల, పరిశోధన సంస్థల, రైతుల, ఎగుమతిదారుల ప్రతినిధుల మాట ఉంది. తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, బస్తాలు మోసే కూలీల మాట లేదు. బోర్డు గదిలో ఎన్ని కుర్చీలు వేసినా, ఏరే చేతులకు అందులో చోటు లేకపోతే మార్కెట్ యార్డులోని పాత వరసే అక్కడికీ పోతుంది. కూలీ సంఘాలు, హమాలీ సంఘాలు ఇప్పుడే ఆ చోటు అడగాలి.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మాదొక సూచన. మీ ఊళ్ళో పాత పేము కుర్చీ, వైరు కుర్చీ కనబడితే ఫోటో తీసి వదిలేయకండి. ఎవరి ఇంటిదో, ఎవరు అల్లారో, ఎవరిని దాని మీద కూచోనివ్వలేదో మీ అమ్మమ్మలను, తాతలను అడిగి రాసుకోండి. బడిలో, పంచాయతీలో, కల్లు దుకాణంలో, పెళ్ళిలో ఎవరు దేని మీద కూచుంటున్నారో ఒక రోజంతా చూసి కాగితం మీద పెట్టండి. దీనికి గ్రాంటు అక్కరలేదు, పెన్ను చాలు. వేలం పుస్తకంలో డిజైనరు పేరు ఎట్లాగూ ఉంటుంది. అల్లినవాళ్ళ పేర్లు, నిలబడ్డవాళ్ళ పేర్లు మనం రాస్తేనే ఉంటాయి.